క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా: చిన్న సైకిల్ షాపులో అమ్మకాలు పెంచుకోవడం ఎలా

నవంబరు వస్తే చాలు, కందుకూరు, ఆత్మకూరు, కనిగిరి వైపు షాపుల వాళ్ల దగ్గర నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, డిసెంబరులో ఎంత తగ్గించి అమ్మమంటావు?"

నేను తిరిగి అడిగేదీ ఒకటే. "నీ పాత బిల్లు పుస్తకాలు ఎక్కడున్నాయి?"

మాది కావలిలో ఒక్క షట్టరు షాపు. నేను, ఒక మెకానిక్కు, సీజన్‌లో ఫోన్లు చేసిపెట్టే మా ఆవిడ, అంతే మనుషులం. కొన్నేళ్లు నేనూ ధర తగ్గించే అమ్మాను. జనం వచ్చారు, సరుకు కదిలింది, జనవరిలో లెక్క చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. తర్వాత పద్ధతి మార్చాను. అడిగిన వాళ్లందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను. నెలకు పది నుంచి నలభై సైకిళ్లు అమ్మే షాపులకు ఇది పనికొస్తుంది.

1. ముందు క్యాలెండరు గీసుకోండి

మన వైపు ఏడాది చివరి సీజన్ డిసెంబరు 31తో అయిపోదు. డిసెంబరు మొదట్లో మొదలై సంక్రాంతి దాకా, అంటే ఆరేడు వారాలు ఉంటుంది. అందులో మూడు చిన్న సీజన్లున్నాయి: క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి. మూడింటికీ వచ్చే మనుషులు వేరు.

క్రిస్మస్‌కు పిల్లల సైకిళ్లు పోతాయి. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో క్రిస్మస్‌కు కొత్త బట్టలతోపాటు పిలకాయలకు సైకిల్ కొనే ఇళ్లు చాలా ఉన్నాయి. జనవరి మొదటి వారంలో పెద్దవాళ్లు వస్తారు. షుగర్ అనో, పొట్ట పెరిగిందనో ఉదయం తొక్కడానికి సైకిల్ కావాలంటారు. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి ఊరికొచ్చిన వాళ్లు చెల్లెలి పిల్లలకో, అన్న పిల్లలకో కొనిస్తారు.

రైతు చేతిలో మాత్రం ఈ నెలల్లో డబ్బు ఉండదు. సోమశిల నీళ్ల కింద నాట్లు పడే కాలం ఇది. డబ్బంతా దుక్కికి, ఎరువుకు పోతుంది. వరి కోతలయ్యేది మార్చి, ఏప్రిల్‌లో. ప్రకాశం వైపు పొగాకు డబ్బు వచ్చేది కూడా వేలం మొదలయ్యాకే. అందుకని పాలవాళ్లు, రైతులు వాడే పెద్ద సైకిళ్లను డిసెంబరుకు ఎక్కువ తెచ్చి పెట్టుకోకండి. వాటిని మార్చికి ఉంచండి.

ఈ వరసను గోడకు అంటించుకోండి:

- నవంబరు 1–7: స్టాకు లెక్క, బిల్లు పుస్తకాల పని
- నవంబరు 8–15: ఆర్డర్లు
- నవంబరు 16–30: కొత్త సైకిళ్ల ఫిట్టింగ్, పాతవాటి మరమ్మతు
- డిసెంబరు 1–10: ఫోన్లు, బుకింగులు
- డిసెంబరు 11–24: క్రిస్మస్ అమ్మకం
- డిసెంబరు 26–30: మిగిలింది లెక్కపెట్టి, తగ్గిన సైజులు తెప్పించడం
- జనవరి 1–14: పెద్దవాళ్ల సైకిళ్లు, సంక్రాంతి అమ్మకం
- జనవరి 17 తర్వాత: ఫస్ట్ సర్వీసులు

2. నిలిచిపోయిన సరుకును బయటికి తీయండి

ఒక పూట షాపు మూసి అయినా ఈ పని చేయండి. ప్రతి సైకిల్‌కు ఒక చీటీ కట్టి మూడు విషయాలు రాయండి: ఏ నెలలో వచ్చింది, ఎంతకు పడింది, ఎందుకు పోలేదు.

మూడోది రాయడమే కష్టం. కూర్చుని ఆలోచిస్తే కారణం చిన్నదే అయి ఉంటుంది. రంగు వెలిసింది, సీటు చిరిగింది, రిమ్ముకు తుప్పు చుక్కలు పడ్డాయి. లేదంటే అది పై కొక్కేనికి వేలాడుతోంది, ఎవరూ చూడలేదు.

ఏడాది దాటిన సైకిల్‌కు రిమ్ములు తుడిచి, గ్రిప్పులు, సీటు కవరు మార్చండి. టైరు పక్కలు నొక్కి చూడండి. సన్నటి పగుళ్లుంటే టైరు కూడా మార్చాల్సిందే. రెండు మూడు వందల ఖర్చుతో అది మళ్లీ కొత్తదిగా కనిపిస్తుంది. అప్పుడు పడిన ధరకు ఈ ఖర్చు మాత్రం కలిపి అమ్మేసినా నష్టం లేదు. ఆ డబ్బుతో పిల్లల సైకిళ్లు తెచ్చుకోవచ్చు. నేను ధర తగ్గించమని చెప్పేది ఈ సైకిళ్లకు మాత్రమే.

మన ఊళ్లలో సముద్రపు గాలి ఉప్పుది. కావలి నుంచి తుమ్మలపెంట వైపు పోయే కొద్దీ స్పోకులు ఎంత తొందరగా తుప్పు పడతాయో మెకానిక్కులకు తెలుసు. చాలామంది సైకిల్‌ను ప్లాస్టిక్ కవరులో బిగించి ఉంచితే భద్రమనుకుంటారు. వానాకాలంలో లోపల చెమ్మ చేరి తుప్పు ఇంకా ముందే వస్తుంది. కవరు కింద వైపు తెరిచి పెట్టండి. వారానికోసారి మెషిన్ ఆయిల్ తడిపిన గుడ్డతో రిమ్ము, స్పోకులు తుడవండి. రిమ్ము మీద బ్రేక్ షూ పడే చోట మాత్రం ఆయిల్ ఉంచకండి, పొడి గుడ్డతో తుడిచేయాలి.

3. పాత బిల్లు పుస్తకం: అసలు అమ్మకం ఇక్కడే ఉంది

ఇది ఒక్కటి చేసి మిగతావన్నీ వదిలేసినా మీకు తేడా కనిపిస్తుంది.

పిల్లల సైకిల్ రెండు మూడేళ్లకు చిన్నదైపోతుంది. ఐదేళ్లప్పుడు 16 ఇంచుల చక్రాలది కొన్న పిల్లవాడికి ఎనిమిదేళ్లకు 20 కావాలి. పదకొండేళ్లకు 24 కావాలి. వాళ్ల నాన్నకు ఆ సంగతి గుర్తుండదు. మీ బిల్లు పుస్తకంలో మాత్రం తేదీతో సహా ఉంది.

పని ఇలా చేయండి:

1) గత నాలుగేళ్ల బిల్లు పుస్తకాలు కిందికి దించండి.

2) 12, 14, 16, 20 ఇంచుల సైకిళ్ల బిల్లులు మాత్రమే చూడండి. పెద్ద సైకిళ్ల బిల్లుల జోలికి ఇప్పుడు పోవద్దు.

3) ఒక లాంగ్ నోటుబుక్కులో గళ్లు గీసి పేరు, ఊరు, ఫోను, కొన్న సైజు, కొన్న నెల రాయండి. చివరి గడిలో "ఇప్పుడు కావలసిన సైజు" రాయండి.

4) 12, 14 ఇంచులవి కొని రెండేళ్లు దాటితే, 16, 20 కొని మూడేళ్లు దాటితే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టండి. మీరు ఫోన్ చేయాల్సింది వీళ్లకే.

5) డిసెంబరు మొదటి పది రోజుల్లో రోజుకు పదిహేను మందికి ఫోన్ చేయండి. అంతకు మించితే గొంతులో విసుగు తెలిసిపోతుంది.

ఏం మాట్లాడాలో తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మా ఆవిడ మాట్లాడేది ఇలా ఉంటుంది:

"నమస్తే అన్నా, కావలి సైకిల్ షాపు నుంచి. మూడేళ్ల కిందట మీ బాబుకు ఎర్ర సైకిల్ తీసుకున్నారు. ఇప్పుడు ఎట్టా ఉంది, బాగా తొక్కుతున్నాడా? మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నాయేమో ఒకసారి చూడండి. ఇటు వచ్చినప్పుడు ఆ సైకిల్ కూడా తీసుకురండి, బ్రేకులు ఊరికే సరిచేసి ఇస్తాం. పెద్దది కావాలంటే పాతది మేమే తీసుకుంటాం."

కొనమని ఆమె ఎక్కడా అడగదు. పిల్లవాడి సంగతి అడుగుతుంది. పిల్లవాడిని, సైకిల్ రంగును గుర్తుపెట్టుకుని ఫోన్ చేసిన షాపును ఏ తండ్రీ విసుక్కోడు. కొన్ని నంబర్లు పనిచేయవు, కొందరు వద్దంటారు, కొందరు పండక్కి చూద్దామంటారు. ఆ మాట అన్న వాళ్ల పేరు పక్కన "సంక్రాంతి" అని రాసి జనవరి 5న మళ్లీ చేయండి.

బిల్లు పుస్తకాలు లేవా? అయితే పంచరుకు వచ్చే సైకిళ్లను చూడండి. సీటు పైకంటా లేపి ఉంటే, తొక్కేటప్పుడు మోకాలు హ్యాండిల్‌కు తగులుతుంటే ఆ పిల్లకు సైజు దాటిపోయినట్టే. పంచరు వేస్తూనే వాళ్ల నాన్న నంబరు, పిల్ల వయసు రాసుకోండి. నవంబరు నెలంతా ఇలా రాస్తే ఒక చిన్న జాబితా తయారవుతుంది.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ గురించి ఒక మాట. మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరదు. అది తెలియక "రెండొందల మందికి పంపాను, ఒక్కరూ రాలేదు" అని బాధపడే వాళ్లను చూశాను. ముందు ఫోన్లో మాట్లాడి, నంబరు సేవ్ చేసుకోమని చెప్పి, తర్వాత సైకిల్ ఫోటో పంపండి.

4. ఆర్డరు: ఆ నోటుబుక్కు చూసి పెట్టండి

డిస్ట్రిబ్యూటర్ దగ్గరి మనిషి తనకు ఏది కదలాలో అదే చూపిస్తాడు. మీ చేతిలో ఎర్ర టిక్కుల లెక్క ఉంటే అతను చెప్పింది వినక్కర్లేదు. 20 ఇంచులవి ఎంతమందికి కావాలి, 24 ఎంతమందికి కావాలి అన్నది మీ దగ్గరే ఉంది.

లెక్క లేని వాళ్లు ముప్పై సైకిళ్లు తెచ్చేటట్టయితే నా అంచనా ఇది: 20 ఇంచులవి 10, 24 ఇంచులవి 7, 16 ఇంచులవి 5, 26 ఇంచులవి 5, చిన్నపిల్లల 12, 14 ఇంచులవి 3. గేర్ల సైకిళ్లు ఒకటి రెండు చాలు, అవి జనవరికి.

ఆర్డరు నవంబరు 15 లోపు పెట్టేయండి. చెన్నై సరుకు మనకు తొందరగానే వస్తుంది. పంజాబ్‌లోని లూధియానా నుంచి రావాల్సింది మాత్రం డిస్ట్రిబ్యూటర్ దగ్గర లేకపోతే పండగ దాటాక వచ్చినా ఆశ్చర్యం లేదు. అమ్ముడుపోని రంగులను, మోడళ్లను మార్చి ఇస్తానని అతను నోటితో చెబితే ఆ మాటను వాట్సాప్‌లో రాసి పంపమనండి.

సైకిళ్లతోపాటు ఇవి తక్కువ కాకుండా చూసుకోండి:

- బెల్లులు, తాళాలు, సీటు కవర్లు, ముందు బాస్కెట్లు
- సైడ్ చక్రాలు (16 ఇంచులకు తప్పనిసరి, 20కి కొన్ని)
- చేతి పంపులు, వాటర్ బాటిల్ స్టాండ్లు
- అన్ని సైజుల ట్యూబులు, బ్రేక్ షూలు, బ్రేక్ వైర్లు
- లైట్లు, రిఫ్లెక్టర్లు

5. ఫిట్టింగ్: పండగ నాటికి ఒక్కటీ అట్టపెట్టెలో ఉండకూడదు

చిన్న షాపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డిసెంబరు 23 సాయంత్రం ఆరుగురు నిలబడి ఉంటారు, మెకానిక్కు అప్పుడు పెట్టె విప్పుతాడు. అరగంటలో బిగించిన సైకిల్ వారానికే గొడవతో తిరిగొస్తుంది. ఒకసారి అలాంటి హడావుడిలో మా షాపులోనే ఎడమ పెడల్ మర తప్పించి ఎక్కించారు. మూడో రోజుకు క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మరలు అరిగిపోయి పెడల్ ఊడింది. ఆ పిల్లకు మోచెయ్యి దోక్కుపోయింది. వాళ్ల నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత నుంచి నవంబరు 30 నాటికి సగానికి పైగా సైకిళ్లు పూర్తిగా బిగించి ఉంచుతున్నాం.

ప్రతి సైకిల్‌కు ఈ వరసలో చూడండి:

- ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల గొట్టం) ముందుకే తిరిగి ఉందా? తిరగబడి బిగించినవి చూడగానే తెలియవు. ముందు బ్రేకు ఎటువైపు ఉందో చూస్తే దొరికిపోతుంది.
- హ్యాండిల్ కాడ మీద, సీటు కాడ మీద గీతలు ఉంటాయి. అవి బయటికి కనిపించకూడదు. కనిపిస్తున్నాయంటే లోపల పట్టు చాలదు.
- పెడళ్ల మీద ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. ఎడమ పెడల్ మర తిరగమర, గడియారం ముల్లుకు ఎదురు దిక్కుగా తిప్పితే బిగుస్తుంది. గ్రీజు రాసి మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో తిరగకపోతే పానా పెట్టకండి, విప్పి మళ్లీ మొదలుపెట్టండి.
- చక్రాన్ని తిప్పి బ్రేక్ షూ దగ్గర కన్ను పెట్టండి. బెండు ఉంటే అక్కడే కనిపిస్తుంది, స్పోకులు సరిచేసి తీయండి.
- బ్రేక్ షూ రిమ్ముకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. టైరుకు ఎక్కడా తగలకూడదు.
- డిస్క్ బ్రేకుల సైకిళ్లలో డిస్కు మీద ఆయిల్ చుక్క పడినా బ్రేకు పట్టదు. చెయిన్‌కు ఆయిల్ వేసేటప్పుడు డిస్కుకు గుడ్డ అడ్డం పెట్టండి.
- ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద టక్ టక్ అంటే అక్కడి బేరింగ్ కప్పు వదులుగా ఉంది.
- గేర్లు లేని సైకిల్‌కు చెయిన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే ఒక సెంటీమీటరుకు కొంచెం పైగా కదలాలి.
- ట్యూబులో సగం గాలి కొట్టి, టైరు అంచు చుట్టూ సమంగా కూర్చుందో లేదో చూసి అప్పుడు నిండా కొట్టండి. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.
- రాత్రంతా అలా ఉంచి పొద్దున నొక్కి చూడండి.

చివరగా సైకిల్ తొక్కి చూడాలి. పెద్ద సైకిళ్లు మెకానిక్కు తొక్కుతాడు. చిన్నవాటికి బరువు ఆనించి చేత్తో నడిపి రెండు బ్రేకులూ పట్టి చూడండి. సరిగా ఉన్న సైకిల్ సీటు కింద మెకానిక్కు తన సంతకంతో చిన్న స్టిక్కరు అంటించాలి. సంతకం పెట్టాల్సి వస్తే పని వేరేగా ఉంటుంది.

6. ధర, ఆఫరు

ఉదాహరణకు ఒక 20 ఇంచుల సైకిల్ రవాణాతో కలిపి మీకు 4,700 పడింది. ఫిట్టింగ్ కూలి 150. అమ్మేది 5,600. మిగిలేది 750.

పక్క షాపు 400 తగ్గించిందని మీరూ తగ్గిస్తే మిగిలేది 350. అలా రెండు సైకిళ్లు అమ్మినా 700. మామూలుగా ఒకటి అమ్మితే వచ్చే 750 కూడా రాలేదు, పని మాత్రం రెట్టింపు అయింది.

అదే 400కు అమ్మే వస్తువులు ఇవ్వండి: బెల్లు, తాళం, సీటు కవరు, బాస్కెట్. అవి మీకు పడేది 230 అనుకుందాం. మిగిలేది 520. పిల్లకు బాస్కెట్ కనిపిస్తుంది, అమ్మకు తాళం కనిపిస్తుంది. కాగితం మీద కొట్టేసిన 400 ఇంటికి వెళ్లాక ఎవరికీ కనిపించదు.

ఆఫరులో వస్తువులతోపాటు రాసి ఇవ్వాల్సింది ఒకటుంది: "కొన్న 15 రోజులయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి ఉచిత సర్వీసు". కొత్త సైకిల్‌కు బ్రేక్ వైర్లు సాగుతాయి, స్పోకులు కొంచెం వదులవుతాయి, క్రాంకు బోల్టు వదులవుతుంది. ఇది ఎలాగూ చేయాల్సిన పనే. రాసి ఇస్తే ఆఫరు అవుతుంది.

జీఎస్టీ సంగతి కస్టమర్లు అడుగుతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు కొన్న సరుకు మిగిలి ఉన్నా ఇప్పుడు బిల్లులో 5 శాతమే వేయాలి. జీఎస్టీ రెగ్యులర్ పద్ధతిలో ఉన్న వాళ్లకు కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత కట్టాల్సిన దాంట్లో సర్దుకునే క్రెడిట్ అలాగే ఉంటుంది, ఆ లెక్క మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని చూసుకోండి. పాత రేటు చెప్పి దొరికిపోతే ఆ ఊళ్లో మళ్లీ మీ మాట చెల్లదు.

7. పాత సైకిల్ తీసుకుని కొత్తది ఇవ్వడం

ఫోన్లో పాతది తీసుకుంటామని చెప్పాం కదా, దాని లెక్క ఇది. 16 ఇంచుల పాత సైకిల్ 600కు తీసుకున్నారు. ట్యూబులు, బ్రేక్ షూలు, గ్రిప్పులు, కొంచెం పెయింటు కలిపి 350. కూలి 200. మొత్తం 1,150. దాన్ని 1,600కు అమ్మితే 450 మిగులుతుంది. కొత్త సైకిల్ మీద మిగిలేది దీనికి అదనం.

కొత్తది కొనలేని ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. 1,600కు బ్రేకులు సరిగా పట్టే సైకిల్ దొరికితే ఆ పిల్లలకూ పండగే. అందుకని పాతవాటి ఫిట్టింగ్‌లో మాత్రం తక్కువ చేయకండి. పైన రాసిన చెక్‌లిస్టు దీనికీ వర్తిస్తుంది.

జాగ్రత్తలు:

- ఫ్రేము విరిగి అతికినది, ఫోర్కు వంగినది తీసుకోకండి. పాత ఇనుము ధర మాత్రమే చెప్పండి.
- మీ షాపులో కొన్నదైతే బిల్లుతో సరిచూడండి. వేరేచోట కొన్నదైతే ఫ్రేము కింద గుద్దిన నంబరు, ఇచ్చిన మనిషి పేరు, ఫోను, సంతకం పుస్తకంలో ఎక్కించండి.
- ఒంటరిగా వచ్చిన పిల్లవాడి దగ్గర పాత సైకిల్ కొనొద్దు. పెద్దవాళ్లను రమ్మనండి. దొంగ సైకిల్ కొన్న షాపువాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.
- ధరకు ఒక పట్టిక రాసి గోడకు పెట్టండి. మనిషిని బట్టి ధర చెప్తున్నారన్న అనుమానం రాదు.

8. షాపు ముందు ఎలా ఉంచాలి

చిన్న పని, ఒక ఉదయం చాలు. సైకిళ్లను సైజుల వరసలో చిన్నది నుంచి పెద్దదాకా పెట్టండి. ప్రతి దానికీ ధర, ఏ వయసుకో పెద్ద అక్షరాలతో రాసి తగిలించండి. ధర రాసి లేకపోతే మొహమాటపడి లోపలికి రాని వాళ్లు ఉంటారు. పడమటి ఎండ పడే చోట కొత్త సైకిల్ పెట్టకండి, రంగు, టైర్లు రెండూ పాడవుతాయి. డిసెంబరులో ఒక నక్షత్రం వేలాడదీయండి, జనవరిలో గాలిపటాలు.

9. కౌంటరు దగ్గర

పిల్లవాడు రాకుండా సైకిల్ అమ్మకండి. బహుమతిగా దాచి ఇవ్వాలంటే కనీసం ఎత్తు, కాళ్ల పొడవు కొలిచి తెమ్మనండి.

అందరు నాన్నలూ అనే మాట ఒకటుంది. "పెరిగే పిలకాయ కదా, పెద్దదే ఇవ్వు, రెండేళ్లు ఎక్కువ వస్తుంది." ఇక్కడ మీరు మెత్తబడకూడదు. నేలకు కాలు అందని సైకిల్‌ను పిల్లవాడు రెండుసార్లు పడ్డాక ముట్టుకోడు. అది మేడ మెట్ల కింద తుప్పు పడుతుంది, మీ మూడేళ్ల తర్వాతి బేరం కూడా అక్కడే పోయింది.

చూడాల్సినవి మూడే:

- కొత్తగా నేర్చుకునే వాడికి సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. తొక్కడం వచ్చిన వాడికి ముని వేళ్లు ఆనితే చాలు.
- సైకిల్ మధ్యలో నిలబడితే పై గొట్టానికీ, తొడల మధ్యకూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.
- వేళ్లు బ్రేకు పిడికి అంది, నొక్కగలగాలి. చాలామంది చూడనిది ఇదే.

వయసును బట్టి సుమారుగా: 2–4 ఏళ్లకు 12, 3–5 ఏళ్లకు 14, 5–7 ఏళ్లకు 16, 7–10 ఏళ్లకు 20, 10–13 ఏళ్లకు 24, ఆ పైన 26. వయసు కంటే కాళ్ల పొడవునే నమ్మండి.

క్రిస్మస్‌కు ఒక సేవ పెట్టండి. 500 అడ్వాన్సు తీసుకుని సైకిల్‌ను మీ దగ్గరే దాచి, 24 సాయంత్రం ఇంటికి చేర్చండి. ఎనిమిది గంటల లోపే చేర్చాలి, తర్వాత వాళ్లు చర్చికి వెళ్లిపోతారు. పిల్లలు చూడకుండా ఎక్కడ దించాలో ముందే ఫోన్ చేసి అడగండి. ఈ పనికి మేము డబ్బు తీసుకోం.

10. వాన, తుఫాను

మన తీరానికి నవంబరు, డిసెంబరు తుఫాన్ల నెలలు. 2023లో డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు మూడు రోజులు మా వైపు షట్టరు ఎత్తే పరిస్థితే లేదు. ఆ వారం చేయాలనుకున్న పని అంతా తర్వాతి వారం మీద పడింది.

- నేల మీద ఉన్న అట్టపెట్టెలను చెక్క బల్లల మీదికి ఎత్తండి. నీళ్లు ఒక అడుగు వచ్చినా హబ్బులు, పెడళ్లు పాడవుతాయి.
- వాన రోజుల్లో ఫోన్ల పని పెట్టుకోండి. అందరూ ఇంట్లోనే ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు.
- వాన తగ్గిన మొదటి రోజు "తడిసిన సైకిళ్లకు చెయిన్ ఆయిల్ ఉచితం" అని బోర్డు పెట్టండి. ఆయిల్ ఖర్చు ఏమంత కాదు. పది పాత సైకిళ్లు మీ ముందుకొస్తాయి, వాటిలో చిన్నవైపోయినవి మీ నోటుబుక్కులోకి ఎక్కుతాయి.

11. అప్పులు, చీటీలు

పండగ అప్పు ఉగాదికి కూడా రాదు. సగం అడ్వాన్సు, మిగతా సగం డెలివరీకి. తెలిసిన వాళ్లయితే రెండు వాయిదాలు, అంతకు మించి వద్దు.

నెలనెలా డబ్బు కట్టించుకుని డ్రా తీసి సైకిల్ ఇచ్చే "లక్కీ స్కీము" పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అలాంటి ప్రైజు చీటీలను 1978 చట్టం నిషేధించింది. మంచి మనసుతో మొదలుపెట్టినా టెన్షన్ మీకే. ఆ జోలికి పోకండి.

12. డిసెంబరు మధ్యలో అమ్మకం నిలిచిపోతే

*జనం వస్తున్నారు, అడిగి పోతున్నారు.* ధర మీదకి నెట్టకండి. వాళ్లు అడిగిన సైజు బిగించి ఉందా, పిల్లవాడిని ఎక్కించి చూపించారా అని చూడండి. ఎక్కిన పిల్లవాడు దిగడు.

*జనమే రావట్లేదు.* ఆ రోజు ఎన్ని ఫోన్లు చేశారో నోటుబుక్కు చూడండి. సాధారణంగా మూడో రోజుకు మానేసి ఉంటాం.

*ఒకే సైజు అడుగుతున్నారు, అది అయిపోయింది.* పక్క ఊరి షాపుతో మాట్లాడి సైకిల్‌కు సైకిల్ మార్చుకోండి. మేము ఉలవపాడు వైపు ఒక షాపుతో ఏటా ఇలా చేస్తాం, ఇద్దరికీ మేలే.

*ఆన్‌లైన్‌లో తక్కువకు ఉందంటున్నారు.* ఫోన్ తీసి చూపించమనండి. బిగించి వస్తుందో, పెట్టెలో వస్తుందో ఇద్దరూ కలిసి చదవండి. పెట్టెలో వచ్చిన దాన్ని మీ దగ్గరికి తెస్తే కూలి తీసుకుని మర్యాదగా బిగించి ఇవ్వండి. వాళ్ల నంబరు రాసుకోండి, ఆ పిల్ల కూడా పెరుగుతుంది.

*వేరే వాళ్లకు అమ్మే దారి లేదా?* అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా వాళ్లకు గట్ల మీద తిరగడానికి మామూలు సైకిళ్లు కావాలి. యజమాని దగ్గరికి నేరుగా వెళ్లి రెండు మూడు కలిపి ధర చెప్పండి. స్కూళ్లు, చర్చిల్లో బహుమతులు ఇచ్చే వాళ్లనూ ఒకసారి కలవండి.

13. సంక్రాంతి తర్వాత

కనుమ మర్నాడు కొత్త నోటుబుక్కు తీయండి. సీజన్‌లో అమ్మిన ప్రతి పిల్లల సైకిల్‌కూ ఒక వరస: పిల్లవాడి పేరు, వయసు, సైజు, రంగు, ఫ్రేము నంబరు, నాన్న ఫోను. చివరి గడిలో తర్వాతి సైజు ఏ ఏడాది డిసెంబరుకు కావాలో ఇప్పుడే రాసేయండి.

తర్వాత ఫస్ట్ సర్వీసుకు ఫోన్లు మొదలుపెట్టండి. రోజుకు ఐదుగురిని రమ్మనండి, ఉదయం పూట. బ్రేక్ వైర్లు లాగి, స్పోకులు, క్రాంకు బోల్టు బిగించి, గాలి చూసి పంపండి. సర్వీసుకు రాని వాళ్ల పేరు పక్కన చుక్క పెట్టుకుని, ఫిబ్రవరి మొదటి వారంలో వాళ్లకు ఇంకోసారి చేయండి.